ఇంటి పెద్దల కంప్యూటర్‌లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్



ఈ పాఠంలో మనం తీసుకున్న విషయం చూడడానికి చిన్నది. ఇంట్లో ఒక పెద్దాయనో, పెద్దావిడో వాడుకుంటున్న పాత కంప్యూటర్ ఉంది. అందులో విండోస్ ఉంది. దాన్ని తీసి లినక్స్ వంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పెట్టవచ్చునా? పెడితే ఏ వరుసలో పెట్టాలి? ఎక్కడ ఆగాలి? యంత్రం వరకు చూస్తే ఇది ఒక పూట పని. కాని ఆ పూటకు ముందు కొన్ని నెలల పని ఉంది. ఈ పాఠంలో ఎక్కువ భాగం దానికే కేటాయించాను.

ఈ ప్రశ్న ఇప్పుడు చాలా ఇళ్ళలో ఎందుకు వచ్చిందో ముందు చూద్దాం. 2015 జూలైలో వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగించింది. మద్దతు ముగియడమంటే కంప్యూటర్ ఆగిపోవడం కాదు. మర్నాడు కూడా అది ఎప్పటిలాగే తెరుచుకుంటుంది. అయితే అందులో కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మరమ్మతులు రావు. పేరు నమోదు చేసుకున్న గృహ వినియోగదారులకు 2026 అక్టోబరు 13 వరకు గడువు పెంచారు, అంతే. విండోస్ 11కి మారుదామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరందో ఆ తర్వాతిదో కావాలి. 2014లోనో 2015లోనో కొన్న డెస్క్‌టాప్‌కు ఈ రెండూ ఉండవు. యంత్రం బాగానే ఉంటుంది, తెర బాగానే ఉంటుంది, కీబోర్డు మీద అక్షరాలు కాస్త అరిగి ఉంటాయి. పారేయడానికి మనసొప్పదు.

అప్పుడు ఇంట్లో కుర్రవాళ్ళకు లినక్స్ గుర్తుకొస్తుంది.

ఓపెన్ సోర్స్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పుకుందాం. ఒక ప్రోగ్రాంను రాసిన అసలు పాఠాన్ని సోర్స్ కోడ్ అంటారు. దాన్ని అందరికీ అందుబాటులో ఉంచి, ఎవరైనా వాడుకోవచ్చు, చదివి అర్థం చేసుకోవచ్చు, నకళ్ళు పంచవచ్చు, మార్చి మెరుగుపరచవచ్చు అని లైసెన్సులో రాసి ఇస్తే అది ఓపెన్ సోర్స్. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. 1991లో ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్ కెర్నెల్ మొదలుపెట్టారు. ఈ రెండూ కలిసి ఒక పూర్తి ఆపరేటింగ్ సిస్టం అయింది. ఇంగ్లీషులో 'ఫ్రీ' అనే ఒక్క మాటకు డబ్బు లేకుండా అనీ, కట్టుబాటు లేకుండా అనీ రెండర్థాలున్నాయి. దాని చుట్టూ వాళ్ళు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. మనకా బాధ లేదు. 'ఉచితం' వేరు, 'స్వేచ్ఛ' వేరు. హైదరాబాదులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తేవడానికి పూనుకున్న సంస్థ 'స్వేచ్ఛ' అనే పేరే పెట్టుకుంది. పెద్దవాళ్ళ కంప్యూటర్ విషయంలో ఈ రెండు మాటల తేడా చాలా దూరం వెళుతుంది. ఉచితంగా పెట్టి ఇస్తున్నాం కదా అని వాళ్ళ స్వేచ్ఛ మనం తీసుకోకూడదు.

ఉదాహరణకు హౌరాలో ఒక తెలుగు ఇల్లు తీసుకుంటాను. అది మా మేనమామగారిది. ఆయన స్వస్థలం శ్రీకాకుళం జిల్లాలో పాతపట్నం వైపు. ఆ పక్క నుంచి హౌరాకు ఎందుకు వెళ్ళారని మీకు సందేహం రావచ్చు. 1902 నుంచి వాల్తేరుకు ఉత్తరంగా తీరం వెంట రైలు మార్గం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతిలో ఉండేది. 1955లో అది ఆగ్నేయ రైల్వే అయింది. దాని ప్రధాన కార్యాలయం కలకత్తా గార్డెన్ రీచ్‌లో. వాల్తేరు డివిజను 2003 దాకా ఆ రైల్వేలోనే ఉంది. కాబట్టి శ్రీకాకుళం, విజయనగరం కుర్రవాడు రైల్వేలో చేరితే ఖరగ్‌పూర్‌లోనో, హౌరాలోనో తేలడం వింతేమీ కాదు. అంతకు ముందే జూట్ మిల్లుల పనికి వెళ్ళినవాళ్ళున్నారు. మామయ్య గార్డుగా పనిచేసి రిటైరై, సాంత్రాగాఛీలో చిన్న ఫ్లాటు కొనుక్కుని అక్కడే ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, ఆఫీసు కాగితాల్లో ఇంగ్లీషు, హిందీ. ఆయన కంప్యూటర్‌కు కూడా అన్ని భాషలూ రావాలి.

ఇలాంటి కంప్యూటర్ దగ్గర కూర్చున్నప్పుడు మొట్టమొదట చేయవలసినది పెన్‌డ్రైవ్ తీయడం కాదు, నోటు పుస్తకం తీయడం. వారం పది రోజులపాటు ఆ పెద్దాయన దానితో ఏమేం చేస్తున్నారో పక్కన కూర్చుని రాయండి. "మీరేం చేస్తారు?" అని అడిగితే "ఏముందిరా, మెయిలు చూసుకుంటాను, పాటలు వింటాను" అంటారు. అది నిజం కాదు. మనకు అలవాటైన పని మన కంటికి పనిలా కనిపించదు. మామయ్య విషయంలో పట్టీ ఇలా తేలింది. రైలు టిక్కెట్లు, బ్యాంకు లావాదేవీలు బ్రౌజరులో. ఫ్లాట్ల కమిటీ జమా ఖర్చులు ఎక్సెల్‌లో, ఆ కమిటీ నోటీసులు బెంగాలీలో. తెలుగు వాళ్ళ ఉగాది, సంక్రాంతి కలయికలకు ఆహ్వానాలు తెలుగులో, పాత డీటీపీ ఫాంట్లతో. ఊళ్ళో అన్నదమ్ములకు రాసిన ఉత్తరాలు, పదిహేనేళ్ళవి, అవీ ఆ ఫాంట్లలోనే. ఘంటసాల పాటలు. మనవల ఫోటోలు. నవంబరులో పింఛను కోసం జీవన ప్రమాణ పత్రం. రాత్రి భోజనమయ్యాక పేకాట, అది కంప్యూటర్‌తోనే.

ఈ పట్టీలో బ్రౌజరు పనులు చాలా తేలిక. పాటలు, ఫోటోలు ఇంకా తేలిక. వాటి మీద కాలం గడపను. కష్టమంతా తెలుగు ఉత్తరాల దగ్గర ఉంది. దీన్ని కొంచెం వివరంగా చూద్దాం, ఎందుకంటే ఇది ఒక్క హౌరా ఇంటి సమస్య కాదు. 1990ల నుంచి కంప్యూటర్‌లో తెలుగు రాసిన ప్రతివాళ్ళదీ.

కంప్యూటర్‌కు అక్షరమంటే ఒక సంఖ్య. యూనికోడ్ అనే అంతర్జాతీయ ప్రమాణంలో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. అందులో 'క'కు ఒక సంఖ్య, 'గ'కు ఒక సంఖ్య, ప్రతి గుణింతపు గుర్తుకూ ఒక్కొక్క సంఖ్య. ఆ సంఖ్య ప్రపంచంలో ఏ కంప్యూటర్‌లోనైనా ఒకటే. పాత డీటీపీ పద్ధతి వేరు. అప్పట్లో ఫాంటు తయారుచేసేవాళ్ళు ఇంగ్లీషు అక్షరాల గూళ్ళలోనే తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. తలకట్టు ఒక గూటిలో, కొమ్ము ఒక గూటిలో, ఒత్తు ఇంకో గూటిలో. తెర మీద ఆ ముక్కలు అతుక్కుని 'శ్రీ' అని కనబడేవి. కాని ఫైలులో ఉన్నది 'శ్రీ' కాదు, నాలుగు ఇంగ్లీషు గుర్తులు. పైగా ఒక్కో కంపెనీ ఒక్కో గూడు ఎంచుకుంది. ఒకరి ఫాంటుతో రాసింది మరొకరి ఫాంటుతో తెరిస్తే పిచ్చి గీతలు.

ఆ రోజుల్లో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు కూడా ఇలాగే ఉండేవి, ఎవరి ఫాంటు వారిదే. వాటిని యూనికోడ్‌గా మార్చి చూపడానికి వెన్న నాగార్జున 'పద్మ' అనే ఉపకరణం తయారుచేశారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు అది తోడుగా పనిచేసేది. చాలామంది తెలుగు పాఠకులు దాని పుణ్యాన పేపరు చదివారు. మొత్తం సాఫ్ట్‌వేర్ పరిశ్రమ వదిలేసిన పని అలా ఒక మనిషి పూనుకుని చేశారు. ఓపెన్ సోర్స్ చరిత్రలో ఇటువంటివి కోకొల్లలు.

మరి మామయ్య ఉత్తరాల సంగతేమిటి? వాటిని రాసిన టైపింగ్ ప్రోగ్రాం విండోస్‌లోనే నడుస్తుంది. విండోస్ తీసేస్తే ఆ పదిహేనేళ్ళ ఉత్తరాలు ఫైళ్ళుగా భద్రంగానే ఉంటాయి, చదవడానికి మాత్రం రావు. ఆ ఉత్తరాల్లో కొన్ని ఇప్పుడు లేని అన్నగారికి రాసినవి. ఇది గమనించకుండా కంప్యూటర్ మార్చేసేవాళ్ళు ఏం పోగొట్టారో వాళ్ళకే తెలియదు. ఆ పెద్దాయనకు ఏ ఆరునెలలకో ఉత్తరం వెదికినప్పుడు తెలుస్తుంది.

చేయవలసింది రెండు పనులు, రెండూ విండోస్ బతికి ఉండగానే. మొదటిది, ప్రతి ఉత్తరాన్నీ పీడీఎఫ్‌గా భద్రపరచడం. పీడీఎఫ్‌లో ఫాంటు కూడా లోపలే ఇమిడి ఉంటుంది కనుక ఎక్కడైనా అదే రూపంలో కనిపిస్తుంది. రెండోది, పాత ఫాంటు పాఠాన్ని యూనికోడ్‌గా మార్చే ఉపకరణాలతో మార్చడం. మార్చిన తర్వాత మనిషి చదవాలి. ఒత్తులు జరిగిపోతాయి, పొల్లు తప్పిపోతుంది, 'క్ష' విడిపోతుంది. మా ఇంట్లో ఈ చదివే పని అత్తయ్య తీసుకున్నారు. పాతిక ముప్ఫై ఉత్తరాలు దిద్దేసరికి ఆవిడకు యంత్రం ఎక్కడ తప్పుతుందో పట్టు దొరికింది. పీడీఎఫ్‌తో సరిపెట్టుకోవచ్చు కదా అంటే, చదువుకోవడానికి సరిపోతుంది. యూనికోడ్ అయితే వెతకడానికి వీలవుతుంది. 'పాతపట్నం' అని కొడితే ఆ మాట ఉన్న ఉత్తరాలన్నీ బయటికి వస్తాయి.

ఇక మార్పు వరుస. దీనికి మామయ్య తన భాషలో ఒక పోలిక చెప్పారు. నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపూరుకు ఒక నేరోగేజి లైను ఉండేది. పాతపట్నం దాని మీదే ఉంది. గేజి మార్పిడి కోసం 2004లో దాన్ని మూశారు. గుణుపూరు దాకా మళ్ళీ బ్రాడ్‌గేజి బండి నడిచింది 2011లో. మధ్యలో ఏళ్ళ తరబడి ఆ ఊళ్ళవాళ్ళకు రైలు లేదు. "ఒరే, లైను మార్చు, కాదనను. ఈ లోపల బండి ఎలా నడుస్తుందో ముందు చెప్పు" అన్నారాయన. నేను చదివిన ఏ సాంకేతిక పుస్తకంలోనూ ఇంతకంటే మంచి సూత్రం లేదు.

కంప్యూటర్‌లో బండి ఆపకుండా లైను మార్చే మార్గం ఉంది. ముందు ఆపరేటింగ్ సిస్టం జోలికి పోకండి, ప్రోగ్రాములు మార్చండి. ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు చాలావరకు విండోస్‌లో కూడా నడుస్తాయి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు 2004 నుంచి ఉంది, తెలుగు మెనూలతో కూడా దొరుకుతుంది. వీడియోలకు, పాటలకు వీఎల్‌సీ. అది పారిస్‌లో ఇంజనీరింగు విద్యార్థుల ప్రాజెక్టుగా పుట్టింది. ఉత్తరాలకు, లెక్కలకు లిబ్రే ఆఫీస్. 2000లో సన్ మైక్రోసిస్టమ్స్ ఓపెన్ ఆఫీస్‌గా విడుదల చేసినదాని నుంచి 2010లో విడివడిన ప్రోగ్రాం అది. వీటిని ఆ పాత విండోస్ మీదే పెట్టి మూడు నాలుగు నెలలు వాడనివ్వండి. తెర అదే, మౌసు అదే, ఫైళ్ళున్న చోటు అదే. మారింది ఒక్కొక్క ప్రోగ్రాం మాత్రమే. ఇబ్బంది వస్తే పాతది పక్కనే ఉంటుంది. ఇలా చేస్తే చివర్లో ఆపరేటింగ్ సిస్టం మారినప్పుడు ఆయన రోజూ చూసే కిటికీలు అప్పటికే పాతబడి ఉంటాయి.

లిబ్రే ఆఫీస్ గురించి ఒక మాట. ఎక్సెల్ ఫైళ్ళు ఇందులో తెరుచుకుంటాయి. మామూలు కూడికలు, తీసివేతలు, శాతాలు ఏమీ చెదరవు. మాక్రోలు అనే చిన్న ప్రోగ్రాములు రాసుకున్న ఫైళ్ళయితే చెదరవచ్చు. ఫ్లాట్ల కమిటీ లెక్కల్లో మాక్రోలు ఉండవు లెండి. అక్షరాల రూపం మారి పేజీలు జరగకుండా కాలిబ్రికి బదులు కార్లిటో, టైమ్స్‌కు బదులు లిబరేషన్ అనే ఫాంట్లున్నాయి. వాటి కొలతలు అసలు ఫాంట్లకు సరిపోయేలా చేశారు. ఆయన ఇంకొకరికి ఫైలు పంపేటప్పుడు ఎక్సెల్ రూపంలోనే భద్రపరిచేలా అమర్చండి. మన సిద్ధాంతం కోసం ఆయన పక్కింటివాళ్ళు ఇబ్బంది పడకూడదు.

ఈ నెలలు గడిచాక అసలు మార్పు. లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచి, డిస్కులో ఏమీ రాయకుండా నడిపి చూడవచ్చు. దీన్ని లైవ్ పద్ధతి అంటారు. అలా నడిపి తెర, శబ్దం, ఇంటర్నెట్, ప్రింటరు ఒక్కొక్కటీ పరీక్షించండి. ప్రింటరు దగ్గర జాగ్రత్త. మన దేశంలో ఇళ్ళలో విరివిగా ఉండే కొన్ని చిన్న లేజరు ప్రింటర్లు లినక్స్‌లో మొండికేస్తాయి. తయారీదారు ఇచ్చే డ్రైవర్ పాతబడి ఉంటుంది. ఇది ముందే తెలుసుకోవాలి, డిస్కు చెరిపేశాక కాదు.

చెరపడం అన్నాను కాని, అసలు చెరపవద్దంటాను. చిన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి కొనండి. కలకత్తాలో అయితే చాందినీ చౌక్‌కు వెళితే ఆ వీధి నిండా కంప్యూటర్ విడిభాగాల దుకాణాలే. పాత హార్డ్‌డిస్కును విండోస్‌తో సహా అలాగే ఊడదీసి, కాగితంలో చుట్టి, తారీఖు రాసి బీరువాలో పెట్టండి. కొత్త డిస్కులో లినక్స్ పెట్టండి. పెద్దాయన "నాకిది వద్దురా" అన్న రోజున పది నిమిషాల్లో పాత కంప్యూటర్ తిరిగి వస్తుంది. ఆ భరోసా ఉంటేనే మనిషి కొత్తదాన్ని నిదానంగా చూస్తాడు. పైగా పాత యంత్రం వేగం పెరగడానికి లినక్స్ ఎంత కారణమో ఎస్‌ఎస్‌డీ అంతకంటే ఎక్కువ కారణం. ఈ మాట లినక్స్ అభిమానులకు నచ్చదు, అయినా నిజం.

ఏ లినక్స్? డెబియన్, ఉబుంటు, మింట్, ఫెడోరా, ఇంకా వందలున్నాయి. మన దేశంలో చెన్నై సీడాక్ 2007లో డెబియన్ ఆధారంగా 'బాస్' విడుదల చేసింది, అందులో భారతీయ భాషలకు మంచి చోటిచ్చారు. కేరళలో ప్రభుత్వ పాఠశాలలు ఐటీ ఎట్ స్కూల్ పథకం కింద లినక్స్‌తోనే పాఠాలు చెప్పాయి. ఇంట్లో పెద్దల కోసమైతే నేను మింట్ వైపు మొగ్గుతాను. కింద ఎడమ మూలన మెనూ, కింద పట్టీ, కుడివైపు గడియారం, విండోస్ 7 వాడినవాళ్ళ చేయి దానంతటదే అక్కడికి వెళుతుంది. 2024లో వచ్చిన మింట్ 22కి 2029 వరకు మద్దతు ఉంటుంది. పెద్దవాళ్ళ విషయంలో కొత్తదనం కంటే ఇదే ముఖ్యం. అక్షరాల పరిమాణం పెంచండి, మౌసు బాణం పెద్దది చేయండి, రెండు నొక్కుల మధ్య వ్యవధి పెంచండి. వణికే చేతికి ఈ మూడోది ఎంత మేలో చెప్పలేను.

టైపింగ్ విషయానికి వద్దాం. లినక్స్‌లో ఐబస్ అనే పద్ధతి ద్వారా తెలుగును మూడు నాలుగు రకాలుగా కొట్టవచ్చు. భారత ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో 'అమ్మ' అని ఉచ్చారణ ప్రకారం కొట్టే ఆర్‌టీఎస్ ఉంది. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగు విద్యార్థులు చేసిన పద్ధతి అది. పోతన కీబోర్డు కూడా ఉంది. మామయ్యకు పాత డీటీపీ కీబోర్డు చేతికి అలవాటు, అది ఇక్కడ లేదు. ఆర్‌టీఎస్ నేర్చుకోవడానికి ఆయనకు వారం కాదు, రెండు నెలలు పట్టింది. మధ్యలో ఒక ఉగాది ఆహ్వానం చేత్తో రాసి జెరాక్సు తీయించారు. ఫాంట్ల కొరత మాత్రం లేదు. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు లినక్స్‌తో పాటే దొరుకుతాయి. మండలి, రామభద్ర, సూరన్న వంటివి కూడా స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి.

బెంగాలీకి అవ్రో పద్ధతి. 2003లో బంగ్లాదేశ్‌లో మెహదీ హసన్ ఖాన్ అనే వైద్య విద్యార్థి మొదలుపెట్టినది, ఇప్పుడు లినక్స్‌లో కూడా ఆ పద్ధతిలో కొట్టవచ్చు. అదీ ఉచ్చారణ ప్రకారం సాగేదే కనుక ఆర్‌టీఎస్ వచ్చినవాళ్ళకు కష్టం కాదు. మెనూలు ఏ భాషలో ఉండాలన్నది మీరు నిర్ణయించకండి. మామయ్య "ఫైలు, ప్రింటు అంటే తెలుస్తుంది, దస్త్రం, ముద్రించు అంటే వెతుక్కోవాలి" అని ఇంగ్లీషే ఉంచుకున్నారు. అత్తయ్య తెలుగు కావాలన్నారు. ఇద్దరికీ వేర్వేరు ఖాతాలు పెట్టాం. అప్పటిదాకా ఆవిడ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నది ఫోటోలు చూడడానికే. తెలుగు మెనూ వచ్చాక తన వంటల పుస్తకం తనే కొట్టుకోవడం మొదలుపెట్టారు.

లినక్స్‌తో కానివి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. జీవన ప్రమాణ పత్రం పథకం 2014 నవంబరులో మొదలైంది. దానికి కంప్యూటర్‌లో వాడే ప్రోగ్రాం విండోస్ కోసం చేసినది. వేలిముద్ర పరికరాలు కూడా విండోస్‌నూ, ఆండ్రాయిడ్‌నూ దృష్టిలో పెట్టుకున్నవే. కాబట్టి ఈ పనిని కంప్యూటర్ నుంచి తప్పించి ఫోనుకు మార్చాలి. 2021 నుంచి ఆండ్రాయిడ్ ఫోనులో ముఖం చూపించి ఈ పత్రం ఇవ్వవచ్చు. అరిగిన వేలిముద్రలున్న వృద్ధులకు నిజానికి ఇదే సులువు. అయితే ఈ మార్పును అక్టోబరులోనే ఒకసారి కలిసి కూర్చుని చూసుకోండి. నవంబరు చివరి వారంలో కనుక్కుంటే పింఛనుకే ఎసరు.

ఆ పెద్దవాళ్ళు వాడే ఏదైనా ప్రోగ్రాం విండోస్‌లో తప్ప నడవకపోతే, దానికి సరైన ప్రత్యామ్నాయం లేకపోతే, మార్చకండి. ట్యాలీలో పద్దులు రాసి నాలుగు డబ్బులు సంపాదించుకునే రిటైర్డు అకౌంటెంటు కంప్యూటర్‌లో లినక్స్ పెట్టడం సేవ కాదు. అలాగే, మీరు ఏ అమెరికాకో వెళ్ళిపోతూ ఉంటే, ఆ ఊళ్ళో అడగడానికి మరొకరు లేకపోతే కూడా ఆలోచించండి. వీధి చివర రిపేరు కుర్రవాడికి విండోస్ తెలుసు. లినక్స్ చూడగానే "పాడైపోయింది, విండోస్ వేస్తాను" అంటాడు. జర్మనీలో మ్యూనిక్ నగరపాలిక 2003లో తన కార్యాలయాలను లినక్స్‌కు మార్చాలని నిర్ణయించి, 2013 నాటికి సుమారు 15,000 కంప్యూటర్లు మార్చి, 2017లో తిరిగి విండోస్‌కు వెళ్ళాలని తీర్మానించింది. కారణాల మీద ఇప్పటికీ వాదనలున్నాయి. అంత పెద్ద సంస్థ కూడా మార్చడంతో పని అయిపోయిందనుకోలేదు.

లినక్స్ పెట్టాక మోసాల భయం లేదని కొందరంటారు. వైరస్‌ల బెడద తగ్గుతుంది, నిజమే. ఫోను చేసి ఓటీపీ అడిగేవాడికి మాత్రం మన ఆపరేటింగ్ సిస్టంతో నిమిత్తం లేదు. సైబర్ మోసాల ఫిర్యాదుకు 1930 అనే నంబరును కంప్యూటర్ పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.

ఇక పాస్‌వర్డు. లినక్స్‌లో కొత్త ప్రోగ్రాం పెట్టాలన్నా, ముఖ్యమైన మార్పు చేయాలన్నా నిర్వాహకుడి పాస్‌వర్డు అడుగుతుంది. చాలామంది పిల్లలు దాన్ని తమ దగ్గరే ఉంచుకుంటారు, "ఆయన ఏదైనా చెడగొడతారు" అని. నేనూ ఆ మాట అన్నాను. మామయ్య కోపం తెచ్చుకోలేదు. "గార్డు పచ్చజెండా ఊపందే బండి కదలకూడదురా అబ్బాయ్. ముప్ఫై ఆరేళ్ళు ఊపాను. నా ఇంట్లో బండికి నీ జెండానా?" అన్నారు. పాస్‌వర్డు ఆయనకే ఇచ్చాను. చెడగొట్టే భయానికి విరుగుడు వేరే ఉంది. మింట్‌లో టైంషిఫ్ట్ అనే ప్రోగ్రాం వ్యవస్థ స్థితిని రోజూ గుర్తుపెట్టుకుంటుంది, ఏదైనా తేడా వస్తే నిన్నటి స్థితికి తీసుకుపోతుంది. ఉత్తరాలు, ఫోటోలు వంటి సొంత ఫైళ్ళకు అది వర్తించదు. వాటికి వేరే డిస్కులో నకలు ఉండాలి. భద్రతా అప్‌డేట్లు వాటంతటవే వచ్చేలా పెట్టవచ్చు. దూరం నుంచి మీరు ఆయన తెర చూడవలసి వస్తే, చూసే ముందు ప్రతిసారీ ఆయన 'సరే' నొక్కేలా ఉంచండి.

వాడే విధానం కాగితం మీద రాసి పెట్టమంటారు కదా, అది మీరు రాయకండి. ఆయన చేతనే, ఆయన మాటల్లో రాయించండి. మామయ్య రాసుకున్న కాగితంలో 'సేవ్' చేయడాన్ని 'లైను క్లియర్' అని రాశారు. దాని అర్థం ఆయనకు తెలుసు, చాలు.

ఆరు నెలల తర్వాత మొదటి నోటు పుస్తకం మళ్ళీ తీయండి. "అంతా బాగుందా?" అని అడగవద్దు, బాగుందనే అంటారు. మన కష్టం చూసినవాళ్ళు కదా. ఆ పట్టీలో ఒక్కొక్క పనినీ చూపించి, చివరిసారి ఎప్పుడు చేశారో అడగండి. పెద్దవాళ్ళు కుదరని పని గురించి ఫిర్యాదు చేయరు, మెల్లగా మానేస్తారు. మా పట్టీలో అన్నీ సాగుతున్నాయి, ఫ్లాట్ల కమిటీ నోటీసులు తప్ప. ఆరా తీస్తే, బెంగాలీలోకి మారాక తిరిగి ఇంగ్లీషుకు రావడానికి రెండు మీటలు కలిపి నొక్కాలి, ఆయన కుడిచేతి బొటనవేలికి కీళ్ళనొప్పి. ఆ పనిని కీబోర్డు పైవరుసలో వాడుకలో లేని ఒక్క మీటకు మార్చాం. మరుసటి ఆదివారం లిఫ్టు పక్కన నీళ్ళ ట్యాంకు శుభ్రం చేసే తేదీ గురించి బెంగాలీలో నోటీసు అంటించి ఉంది.